చేతకాని ఫిడేలువాడి కథతో పది నిమిషాల మూకీ తీయడం ఎలా

మూఢం వచ్చిందంటే మా వీడియోగ్రాఫర్లకు పని ఉండదు. ఆషాఢం వచ్చినా అంతే. విజయనగరంలో పెళ్లిళ్ల వీడియోలు తీసేవాళ్లందరూ ఆ రోజుల్లో లెన్సులు తుడుచుకుంటూ, పాత పెళ్లిళ్ల బాకీల కోసం ఫోన్లు చేసుకుంటూ కాలం గడుపుతారు. ఆ ఖాళీలో నేనూ, మా మేనల్లుడూ, వీధిలో నలుగురు కుర్రాళ్లూ కలిసి మూకీ హాస్య సినిమాలు తీస్తుంటాం. మైకులు అక్కర్లేదు, డబ్బింగు అక్కర్లేదు, డైలాగు మర్చిపోయేవాడు ఉండడు. ఈమధ్య తీసింది చూసి కొందరు కుర్రాళ్లు "ఇది ఎలగ తీసేరు బాబాయ్, మాకూ చెప్పండి" అని వెంటపడ్డారు. వాళ్ల కోసం రాస్తున్నాను. ఒక ఫోను, ట్రైపాడ్, పాత ఫిడేలు, అరడజను మంది మనుషులు ఉంటే మీరూ తీయొచ్చు.

మూకీ అంటే మాటలు తీసేసిన మామూలు సినిమా కాదు. 1987లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన 'పుష్పక విమానం'లో మాటలు ఉండవు గానీ వీధి చప్పుళ్లు, తలుపు చప్పుళ్లు, సంగీతం అన్నీ ఉంటాయి. మూకీలో అవి కూడా ఉండవు. తెర పక్కన కూర్చుని ఎవరైనా వాయిస్తే ఆ వాయింపు, లేకపోతే అదీ లేదు. మరి అలాంటి దానికి సంగీతం రాని సంగీతకారుడి కథ ఎందుకని మా మేనల్లుడే అడిగాడు. వాడు ఎంత చెండాలంగా వాయిస్తున్నాడో ఎవరికీ వినిపించదు కదా అన్నాడు. వినిపించదు కాబట్టే ఆ కథ. అపస్వరం వినిపిస్తే జనం చెవులు మూసుకుంటారు, కనిపిస్తే నవ్వుతారు. ఈ సినిమా తీయడంలో ఉన్న పనంతా ఆ వినపడని దాన్ని ఎదుటివాడి ముఖంలో చూపించడమే.

ముందు కథ

మా కథ చెబుతాను, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

నాగావళి ఒడ్డున ఒక పల్లె. అప్పన్న అనే కుర్రాడు. ఫిడేలంటే ప్రాణం, విద్య మాత్రం సున్నా. వాళ్లమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టి ఫిడేలు కొనిపెట్టింది. ఈ సంగతి అక్షరాల్లో రాసి చూపించొద్దు. మొదటి షాట్‌లో కొత్త ఫిడేలు పెట్టె. రెండో షాట్‌లో అమ్మ చెవి, కమ్మ ఉండాల్సిన చోట వేపపుల్ల. మన ఆడవాళ్లకు అది చాలు. అర్థం కాని కుర్రాళ్లకు పక్కన కూర్చున్న వాళ్ల అమ్మమ్మ చెబుతుంది. ఇక అప్పన్న ముందున్నది ఒకటే పని. విజయనగరం వెళ్లి, పేరూ డబ్బూ సంపాదించి, ఆ కమ్మలు విడిపించాలి.

హాస్య సినిమాకు కూడా ఇలాంటి గట్టి అవసరం ఒకటి ఉండాలి. ఊరికే ధనవంతుడు కావాలనుకునేవాడి వెనక జనం పది నిమిషాలు నడవరు. వేపపుల్ల చూశాక నడుస్తారు.

విజయనగరమే ఎందుకంటే, ఇక్కడ తప్పు వాయించడానికి గుండె ధైర్యం కావాలి. మహారాజా సంగీత కళాశాల 1919లో పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయింపు విని ఏకంగా ఆచార్యుడిగా వేసుకున్నారని ఇప్పటికీ ఊళ్లో చెప్పుకుంటారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల గారు ఇక్కడ చదువుకున్న రోజుల్లో ఇంటింటా అన్నం అడుగుతూ మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. అలాంటి ఊరికి మన అప్పన్న ఆచార్యుడిగా చేరిపోదామని వస్తాడు. విద్యార్థిగా కూడా పనికిరాడు. తేడా అంతే.

ఇందులోంచే మా మొదటి నవ్వు పుట్టింది. అప్పన్న ఒక పెద్ద గేటు ముందు నిలబడి ఫిడేలు తీసి వాయిస్తాడు. గేటు దగ్గర వాచ్‌మన్ కాసేపు ఓర్చుకుంటాడు. తర్వాత లేచి వచ్చి, ఒక్క మాట అనకుండా ఫిడేలు వాడి చేతిలోంచి తీసుకుని, బిరడాలు తిప్పి, తీగలు మీటి శ్రుతి చేసి, మళ్లీ చేతిలో పెట్టి స్టూలు మీద కూర్చుంటాడు. అప్పన్న మళ్లీ వాయిస్తాడు. వాచ్‌మన్ లేచి గేటు మూసేస్తాడు. బయట ఊళ్ల వాళ్లు చివరి గేటుకు నవ్వుతారు. మా ఊరివాళ్లు వాచ్‌మన్ బిరడా మీద చెయ్యి వేయగానే నవ్వుతారు. దీనికి నిజం కాలేజీ గేటు అక్కర్లేదు, బోర్డు కనబడకూడదు కూడా. పాత ఇనుప గేటు ఏదైనా సరిపోతుంది.

అప్పన్నకు తాను చేతకానివాడినని చివరిదాకా తెలియకూడదు. ఇది ఒక్కటి మాత్రం మార్చకండి. తెలిసిన క్షణం నుంచి అది ఏడుపు సినిమా అయిపోతుంది. గేటు మూసినప్పుడు కూడా వాడు "పాపం, వాచ్‌మన్‌కు డ్యూటీ టైమ్ అయిపోయింది" అనుకునే రకం.

నడిమి కథ డబ్బుది. అప్పన్న టీ బడ్డీ ముందు నిలబడి వాయిస్తాడు. గిరాకీలు గ్లాసులు దించేసి వెళ్లిపోతారు. బడ్డీవాడు పరుగున వచ్చి పది రూపాయల నోటు చేతిలో పెట్టి, రోడ్డుకు అవతల ఉన్న ఇంకో టీ బడ్డీ చూపిస్తాడు. అక్కడికి వెళ్లి వాయించమని. అప్పన్న నోటు కళ్లకద్దుకుంటాడు. అవతలి బడ్డీవాడు అరగంటకు ఇరవై ఇచ్చి వెనక్కి పంపుతాడు. ఇలా సాయంత్రానికి వాడి జేబు నిండుతుంది. తన విద్యకు వచ్చిన డబ్బే అనుకుంటాడు. చివరికి బడ్డీవాళ్లు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు, ఆట తెలిసిపోతుంది, ఇద్దరూ కలిసి వాడి వెంటపడతారు.

నోటు మూడోసారి చేతులు మారేటప్పుడు ఏదో ఒకటి మారాలి. ఒకే విషయం మూడుసార్లు అదే రకంగా చూపిస్తే రెండోసారికే జనం ఫోన్లు తీస్తారు. మాకు మూడోసారి అప్పన్న వాయించనే వాయించడు. పెట్టె గడియ మీద చెయ్యి వేస్తాడంతే. బడ్డీవాడు పరుగున వచ్చి నోటు ఇచ్చేస్తాడు.

పరుగులో అప్పన్న ఒక కల్యాణ మండపంలో దూరుతాడు. లోపల ముహూర్తం దగ్గరపడింది. సన్నాయి మేళం ఇంకా రాలేదు. పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అంటాడు. గట్టిమేళం ఎందుకు పెట్టారో తెలుసుగా, ఆ క్షణంలో తుమ్ము లాంటి అపశకునపు చప్పుడు ఎవరి చెవినా పడకూడదని. అక్కడ రాగం అక్కర్లేదు, తాళం అక్కర్లేదు, చప్పుడు కావాలి. ఇన్నేళ్లుగా పెళ్లిళ్లు తీస్తూ ఆ క్షణం కోసం కెమెరా పట్టుకుని నిలబడేవాణ్ని కాబట్టి ఈ ముగింపు నాకు దొరికింది. అప్పన్న ఫిడేలు ఎత్తుతాడు. పక్కన పెళ్లికూతురి మేనమామ ముక్కు ఎగబీలుస్తాడు, బలంగా తుమ్ముతాడు. తెర మీద మనం చూస్తాం. మండపంలో ఒక్కడు కూడా తల తిప్పడు. పెళ్లికూతురి తండ్రి కళ్లనీళ్లతో వచ్చి అప్పన్న చేతిలో కవరు పెడతాడు. ఆ ఊళ్లో అపస్వరానికి ఉద్యోగం దొరికింది.

కమ్మలు విడిపించుకుని ఇంటికి వెళ్లాక అమ్మ వాయించమంటుంది. కమ్మలు పెట్టుకున్న రెండు చెవుల్లో ముందే దూది పెట్టుకుని, తలాడిస్తూ వింటుంది. మా సినిమా అక్కడ అయిపోతుంది.

ఇంకో చిన్న పని. తుమ్ముకు కారణం ముందే నాటాలి. ఫిడేలు కమాను, అంటే తీగల మీద లాగే కర్ర, దాని వెంట్రుకలకు రోజిన్ అనే బంక బిళ్ల రుద్దుతారు. రుద్దకపోతే తీగ పలకదు. ఎక్కువ రుద్దితే పొడి లేస్తుంది. మొదట్లోనే అప్పన్న చెక్కబిళ్లంత రోజిన్ అరగదీసి తనే తుమ్ముతాడు. ప్రేక్షకుడు దాన్ని మర్చిపోతాడు. మండపంలో ఆ పొడి మేనమామ ముక్కు దగ్గరకు వచ్చినప్పుడు గుర్తుకొస్తుంది. అంటే తుమ్ము తెప్పించిందీ వాడే, దాచిందీ వాడే. నిజం రోజిన్ పొడి ఫోనులో సరిగా కనబడదు. పాత కమానుకు కొంచెం ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, వెనక నుంచి వెలుగు పడేలా నిలబెట్టండి.

అప్పన్న ఎవరు

ఇక్కడ చాలామంది అడ్డం తిరుగుతారు గానీ, ఫిడేలు చేతకానివాడి వేషానికి ఫిడేలు బాగా వచ్చినవాణ్నే పెట్టండి. మా ఊళ్లో జనం వినకపోయినా చూసి పట్టేస్తారు. కమాను ఎటు పోతోంది, వేళ్లు ఎక్కడ పడుతున్నాయి అన్నది ముందు వరసలో కూర్చున్న ముసలాయన చూస్తూనే ఉంటాడు. రానివాడు తప్పు వాయిస్తే అది తప్పులా ఉండదు, కర్ర పట్టుకుని గోక్కున్నట్టు ఉంటుంది. వచ్చినవాడు తప్పు వాయిస్తే పెద్ద విద్వాంసుడి ఠీవి అంతా ఉండి ఒక్క స్వరం మాత్రమే ఉండదు. నవ్వు ఆ ఠీవిలో ఉంది.

చార్లీ చాప్లిన్ 1916లో తీసిన 'ది వేగబాండ్' చూడండి. అందులో ఆయన వీధుల్లో ఫిడేలు వాయించుకుని బతికేవాడు. ఆయనకు ఫిడేలు నిజంగానే వచ్చు. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు తిరగేసి కట్టించుకున్న ఫిడేలు వాయించేవాడు. అందులో ఒక చోట సారా దుకాణం బయట వేరే బ్యాండువాళ్లు వాయిస్తుంటే ఈయన లోపలికి వెళ్లి టోపీ పట్టుకుని వాళ్ల డబ్బులన్నీ తనే వసూలు చేస్తాడు. ఇంకో చోట ఒక అమ్మాయి ముందు ఊగిపోతూ వాయించి, ఆ ఊపులో వెనక ఉన్న నీళ్ల తొట్టిలో పడతాడు. శబ్దం వినకుండానే ఆ వాయింపు ఎంత జోరుగా ఉందో తెలుస్తుంది. నకలు కొట్టమని కాదు. ఒళ్లంతా ఎలా వాయిస్తుందో చూడండి.

మన పద్ధతిలో ఫిడేలు కూర్చుని వాయిస్తారు. కొన చీలమండ దగ్గర, అడుగు భాగం భుజం దగ్గర ఆనించి. అప్పన్న వీధిలో నిలబడి వాయించాలి కాబట్టి ఆ ఆనింపు దొరకదు. అదే ఒక తమాషా. వాడు కూర్చోవడానికి చోటు వెతుక్కుంటూ వెళ్లి సైకిలు క్యారియర్ మీద, అరుగు మీద, చివరికి ఎవరిదో ఎడ్లబండి మీద కూర్చుంటాడు. బండి కదిలిపోతుంది.

ఫిడేలు మాత్రం ఏ విద్యార్థిదీ అరువు తేవద్దు. పడేసే సీన్లు ఉంటాయి, ఎండలో పెట్టాల్సి వస్తుంది. వేడికి అతుకుల జిగురు మెత్తబడి చెక్క ఊడివస్తుంది. నాలుగైదు వేలకు దొరికే కొత్తదో, మూలపడ్డ పాతదో తీసుకోండి.

ముఖాలు పట్టడం

ఈ సినిమాలో హీరో అప్పన్న కాదు, అప్పన్నను వినేవాళ్లు. నాలుగు ముఖాలు బాగా దొరికితే సినిమా దొరికినట్టే. కాబట్టి ఎక్కువ రోజులు దీనికే కేటాయించండి.

వరస ఎప్పుడూ ఒకటే. కమాను తీగ మీద పడుతుంది. కట్. వినేవాడి ముఖం. కట్. దానివల్ల జరిగిన నష్టం. మొదటి రెండిటి మధ్య ఆలస్యం ఉండకూడదు. రెండో దానికీ మూడో దానికీ మధ్య మాత్రం ఒక్క క్షణం ఆపాలి. మంగలి కత్తి గడ్డం మీద ఆగుతుంది. అతని ముఖం. ఆగండి. తర్వాత కుర్చీలో ఉన్నాయన సగం మీసంతో అద్దంలో చూసుకుంటాడు. ఆ ఆగడంలోనే జనం ముందే ఊహించుకుని నవ్వడం మొదలుపెడతారు. (కత్తిలో బ్లేడు తీసేయడం మర్చిపోవద్దు. మీసం అంటించుకున్నదే కావాలి.)

నటన తెలియనివాళ్లను "చిరాకు పడు" అని అడగొద్దు. అడిగారా, టీవీ సీరియల్ మొదలవుతుంది. వాళ్లకు పనేదో ఇవ్వండి. బియ్యం ఏరమనండి, పేపరు చదవమనండి. మాకు బాగా కుదిరిన ఉపాయం ఇది. ఫిడేలు కుర్రాడు కెమెరా వెనక దాక్కుంటాడు. మామ్మగారు చాటలో బియ్యం ఏరుతుంటారు. చెప్పాపెట్టకుండా వాడు శ్రుతి తప్పించి ఒక్క లాగు లాగుతాడు. అప్పుడు వచ్చే ముఖం కొనుక్కుందామన్నా దొరకదు. రెండోసారికి అది ఉండదు, కాబట్టి ఫోను ముందే తిప్పుతూ ఉంచండి. గుండె జబ్బు ఉన్నవాళ్ల మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.

కొందరికి ఎంత చేసినా ముఖం కదలదు. వాళ్లకు నోట్లో ఉసిరికాయ పెట్టండి. అదీ కుదరకపోతే ఉన్న ముఖాన్నే వాడుకోండి. రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒకే నటుడి ఒకే ముఖాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించి చూపిస్తే చూసినవాళ్లకు ఒకచోట ఆకలి, ఇంకోచోట దుఃఖం కనిపించాయట. రాయిలా కూర్చున్న మా వీధి పెద్దాయన ముఖాన్ని అప్పన్న వాయింపు పక్కన పెడితే అది లోకంలో ఉన్న ఓర్పంతా అయిపోయింది.

కుక్క నటించదు. బిస్కెట్లు తింటుంటే కూర్చుంటుంది. అప్పన్న షాట్ వేరే తీసుకోండి. తర్వాత కుక్క వైపు ఫోను పెట్టి, దాని యజమాని వీధి చివర నిలబడి పిలిస్తే లేచి వెళ్లిపోతుంది. రెండూ కలిపితే సంగీతం భరించలేక వెళ్లినట్టే ఉంటుంది.

మూకీ వల్ల దర్శకుడికి పెద్ద లాభం ఒకటుంది. షాట్ నడుస్తుండగా ఎంతైనా మాట్లాడొచ్చు. "తల ఎత్తు. ఇంకా నెమ్మదిగా. ఇప్పుడు గ్లాసు దించు. నన్ను చూడకు, గ్లాసు చూడు." మొదటిసారి నటించేవాళ్లకు ఇది పెద్ద ధైర్యం. చుట్టూ గుమిగూడినవాళ్లు "ఏ సినిమా బాబూ, హీరో ఎవుడు?" అని అరిచినా పాడైపోయేదేమీ లేదు.

ఫోను పెట్టడం, వీధి ఎంచుకోవడం

ట్రైపాడ్ మీద పెట్టి కదపకండి. మనిషి తల నుంచి పాదం దాకా కనబడాలి, ఎందుకంటే సగం హాస్యం కాళ్లలో ఉంటుంది. దగ్గర షాట్లు వినేవాళ్ల ముఖాలకే. ఫోను అడ్డంగా తిప్పి తీయండి, ఎడిటింగులో నాలుగు మూడు నిష్పత్తికి కోసుకోండి. పాత మూకీల తెర దాదాపు ఆ కొలతే. అప్పన్న తీరు ఆ చదరంలో బాగా నప్పుతుంది.

నలుపు తెలుపు ఎంచుకుంటే బట్టల రంగులు ముందే చూసుకోవాలి. ఎర్ర చొక్కా, ఆకుపచ్చ తలుపు రెండూ ఒకే బూడిద రంగులోకి మారి కలిసిపోతాయి. సున్నం కొట్టిన గోడ ముందు తెల్ల చొక్కావాడు మాయమైపోతాడు, తల మాత్రం గాల్లో తేలుతుంది. ఫోనులో మోనో ఫిల్టరు పెట్టి ముందు రోజే ఒకసారి చూడండి. మేము అప్పన్నకు ముదురు కోటు, బడ్డీవాళ్లిద్దరికీ గళ్ల లుంగీ, చారల లుంగీ ఇచ్చాం. దూరం నుంచి కూడా ఎవరు ఎవరో తెలుస్తుంది.

ఆషాఢంలో మబ్బు పట్టిన పగలు ముఖాలు తీయడానికి చాలా బాగుంటుంది. కళ్ల కింద నీడలు పడవు, ఎవరూ కళ్లు చికిలించరు. ఒక గొడుగు ఫోనుకే ప్రత్యేకంగా పెట్టుకోండి. వీధి షాట్లు ఉదయం దుకాణాలు తెరవక ముందు తీసేయాలి. గంటస్తంభం దగ్గర తొమ్మిది దాటితే ఆటోల మధ్య మీ అప్పన్నను మీరే వెతుక్కోవాలి. రైల్వే ప్లాట్‌ఫారం మీద తీయాలంటే రైల్వే అనుమతి కావాలి. మేము ఆ జోలికి పోకుండా వాడు స్టేషను బయటి రోడ్డు మీద పెట్టె మోసుకుని నడిచి వస్తున్నట్టు చూపించాం. కోట లోపల కాలేజీలు ఉన్నాయి, అడిగి వెళ్లండి. కోట గోడ బయటి నుంచి కూడా బాగానే వస్తుంది. దసరా దాటిన తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఆ వారం షూటింగు ఆలోచనే పెట్టుకోవద్దు. ఊరంతా జనం. మీ మనుషులు కూడా మీ మాట వినరు.

మండపం సీనుకు మూఢమే మంచిది. ఖాళీగా ఉంటుంది కాబట్టి ఓనరు కరెంటు ఖర్చు తీసుకుని ఇచ్చేస్తాడు. నిజం పెళ్లిలోకి కెమెరాతో దూరి ఈ సీను తీద్దామనుకోకండి. వాళ్లకు ఆ క్షణం ఒక్కసారే వస్తుంది.

వేగం, కల, కార్డులు

పాత మూకీలు గబగబా నడిచినట్టు ఎందుకుంటాయంటే, అప్పట్లో కెమెరా చేత్తో తిప్పేవారు. హ్యాండిల్ ఒక చుట్టుకు ఎనిమిది ఫ్రేములు, సెకనుకు రెండు చుట్లు, అంటే పదహారు. తర్వాత సెకనుకు 24 ఫ్రేములు వేసే ప్రొజెక్టర్ల మీద అవి ఒకటిన్నర రెట్లు వేగంగా పరిగెత్తాయి. మీరు 24లో తీసి, నడక సీన్లకు 1.2 రెట్లు, తరిమే సీన్లకు 1.4 రెట్లు పెంచండి. అమ్మ సీన్లు పెంచొద్దు. ముఖాల దగ్గర షాట్లు కూడా పెంచొద్దు, ఆ ఒక్క క్షణం ఆగడం పోతుంది. తెర మీద వర్షం కురిసినట్టు గీతలు, మచ్చలు కలిపే ఎఫెక్టులు ఉంటాయి. నాకు అవి నచ్చవు. పెళ్లి ఆల్బంలో గులాబీ రేకులు రాల్చేవాడే ఆ గీతలు కూడా అమ్ముతాడు.

అప్పన్న ఒక రాత్రి అరుగు మీద పడుకుని కల కంటాడు. మేళంలో సన్నాయి, డోలు, శ్రుతిపెట్టె, తాళాలు అన్నీ వాడే వాయిస్తుంటాడు. అమెరికా మూకీల హాస్యనటుడు బస్టర్ కీటన్ 1921లో 'ది ప్లేహౌస్'లో ఆర్కెస్ట్రా మొత్తం తానే అయి కూర్చున్నాడు. అప్పుడు లెన్సుకు తెరలు కట్టి, అదే ఫిల్మును వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ తీశారు. చేత్తో తిప్పే వేగం ప్రతిసారీ ఒకేలా ఉండాలి. తలుచుకుంటేనే టెన్షన్. మనకు ఆ బాధ లేదు. ట్రైపాడ్ కదలకూడదు. తెర మీద వేలు నొక్కి పట్టి ఫోకసు, వెలుగు లాక్ చేయండి. వాణ్ని ఒక్కో చోట కూర్చోబెట్టి ఒక్కోసారి తీయండి. ఒకడి చెయ్యి ఇంకొకడి చోటులోకి పోకుండా మధ్యలో జాగా వదలండి. తర్వాత ఎడిటింగ్ యాప్‌లో మాస్క్ వేసి, అంటే ఒక్కో షాట్‌లో వాడున్న భాగమే ఉంచి మిగతాది దాచి, పక్కపక్కన కలపండి. మబ్బు కదిలితే వెలుగు మారి అతుకు కనబడుతుంది కాబట్టి ఈ ఒక్కటి ఇంట్లో, దీపం వెలుగులో తీయడం నయం.

కార్డులు, అంటే మధ్యలో నల్ల తెర మీద వచ్చే అక్షరాలు, ఎంత తక్కువైతే అంత మంచిది. పది నిమిషాలకు ఏడెనిమిది దాటితే కథ బొమ్మల్లో చెప్పలేకపోతున్నారని అర్థం. ఒక్కో కార్డు మీద ఏడు మాటలకు మించొద్దు. పైకి నెమ్మదిగా రెండుసార్లు చదవడానికి పట్టే సమయం ఉంచండి. చదవడం అలవాటు లేని పెద్దవాళ్లు ఉంటారు, పక్కవాళ్లు చదివి వినిపించే వ్యవధి కావాలి. మావి కొన్ని:

"విజయనగరం. ఇక్కడ గోడలకూ శ్రుతి తెలుసు."

"మొదటి పారితోషికం."

"రెండో కచేరీ. రోడ్డుకు అవతల."

"గట్టిమేళం!"

చివరిది తెర నిండా పెద్ద అక్షరాల్లో. బొమ్మలో చూపించేసిన జోకును కార్డులో మళ్లీ రాయకండి.

కార్డుల్లో మన యాస వద్దని నా అభిప్రాయం. ఎన్నో ఏళ్లుగా సినిమావాళ్లు ఉత్తరాంధ్ర యాసను పనివాడికో, తెలివితక్కువవాడికో తగిలించి నవ్వించారు. మూకీలో ఆ దారి మూసుకుపోయింది, హాయి. అప్పన్నను చూసి నవ్వేవాడు వాడి వాయింపుకు నవ్వాలి, ఊరికి కాదు.

తెర వేసే రోజు

వీధిలో తెల్ల దుప్పటి, ప్రొజెక్టరు, పక్కన ముగ్గురు వాయిద్యగాళ్లు. సన్నాయి, డోలు, హార్మోనియం దొరికితే భాగ్యం. రికార్డు పెట్టొచ్చు గానీ, మనిషి వాయిస్తే జనం నవ్వు ఆగేదాకా ఆ వరసను సాగదీస్తాడు. రికార్డుకు అది తెలియదు.

వాయిద్యగాళ్లకు సినిమా ముందు రెండుసార్లు చూపించండి. ఏ సీనుకు ఏ రాగమో వాళ్లకే వదిలేయండి. నాకంటే వాళ్లకు బాగా తెలుసు. అమ్మ సీనుకు మా సన్నాయి ఆయన నీలాంబరి ఎత్తుకున్నారు. తరిమే సీనుకు డోలు ఒక్కటే. నేను పెట్టే షరతు ఒకటే. అప్పన్న కమాను తీగ మీద పెట్టిన ప్రతిసారీ ముగ్గురూ టక్కున ఆగిపోవాలి. తప్పుగా వాయించి చూపించడానికి ఒప్పుకోవద్దు. సన్నాయి ఆయన ఉత్సాహపడి "కొంచెం కీచుమనిపిస్తాను బాబూ" అంటారు, బతిమాలి ఆపండి. నిశ్శబ్దంలో ఒక్కొక్కడూ తనకు తెలిసిన అతి చెడ్డ వాయింపును తలుచుకుంటాడు. మనం వినిపించేది ఏదైనా దానికంటే మెరుగ్గానే ఉంటుంది.

ఒక్క గట్టిమేళం దగ్గర మాత్రం దీన్ని తిరగేయండి. అక్కడ ఆగకూడదు. పురోహితుడి కార్డు పడగానే ముగ్గురూ ఒళ్లు మరిచి వాయించాలి. సినిమా మొత్తంలో అప్పన్న కమాను పెట్టినప్పుడు చప్పుడు వచ్చేది ఆ ఒక్కసారే. దీన్ని రిహార్సల్‌లో కనీసం నాలుగుసార్లు చేయించండి. అలవాటు మీద ఆగిపోతారు.

కూర్చోబెట్టేటప్పుడు వాయిద్యగాళ్లకు తెర పక్కగా కనబడాలి, వాళ్ల దీపం వెలుగు తెర మీద పడకూడదు. అట్ట ముక్క అడ్డం పెడితే సరిపోతుంది. చీకటి బాగా పడ్డాకే మొదలుపెట్టండి. కరెంటు పోతే ప్రొజెక్టరు ఆగుతుంది గానీ డోలు ఆగనక్కర్లేదు. ఇన్వర్టరు ఉన్న ఇంటి గోడకు దుప్పటి కడితే ఆ బెంగా ఉండదు. వాయిద్యగాళ్ల డబ్బు ఆట మొదలవక ముందే కవరులో ఇచ్చేయండి. భోజనం మాత్రం అయ్యాకే పెట్టండి, తిని కూర్చున్న సన్నాయికి ఊపిరి చాలదు.